పాత లారీకి ఏ పంపు? రాగి వాషరుకు ఏ మంట?

సాలూరు: రాష్ట్రంలో లారీల పట్టణంగా పేరొందిన సాలూరు నుంచి రాయ్‌పూర్ దిశగా సాగే 26వ నంబరు (పూర్వపు 43వ నంబరు) జాతీయ రహదారిపై పి.కోనవలస, సుంకి ఘాటీలు డీజిల్ పంపుకు అసలైన పరీక్ష. ఎక్కుడులో ఇంజిన్ ఆగితే బ్రేకులకు గాలినందించే కంప్రెసరూ ఆగుతుంది. ట్యాంకులో మిగిలిన గాలే ఆధారం. కనుక పంపు ఎంపికలో ధర ఒక్కటే చూడరాదు.

టాటా 1210 వంటి పాత బండ్లకు ఇన్‌లైన్ పంపు ఉంటుంది. సిలిండరుకొక ప్లంజరు చొప్పున వరుసగా అమరి ఉండే ఈ పంపు కామ్‌షాఫ్టు ఇంజిన్ ఆయిల్‌తో తడుస్తుంది. రోటరీ పంపులో లోపలి భాగాలకు డీజిలే కందెన. కిరోసిన్ కల్తీ, నీరు, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడపడం దానికి ప్రాణాంతకాలు. బరువు ఎక్కువ, వేగం తక్కువ అయినా ఘాటీ బండికి ఇన్‌లైన్ పంపే మేలు. అయితే ఇంజిన్ దేనికి తయారైతే అదే వేయాలి.

పాత సామాన్ల దుకాణంలో పంపు కొనేవారు ముందుగా నేమ్‌ప్లేటు చదవాలి. ప్లంజరు వ్యాసం, తిరిగే దిశ, గవర్నరు గరిష్ఠ వేగం పాత పంపుతో సరిపోవాలి. బోల్టులు పట్టినంత మాత్రాన పంపు సరిపోయినట్లు కాదు. పెద్ద ప్లంజరు వేస్తే బలం పెరుగుతుందన్నది భ్రమే. గాలి చాలక నల్లపొగ వస్తుంది, పిస్టన్లు కాలతాయి. బిగించే ముందు టెస్ట్ బెంచిపై అన్ని లైన్ల డీజిల్ సమానంగా ఉందో చూపించుకోవాలి.

పంపు మార్చినా బండి లాగకపోవడానికి తరచూ కారణం రాగి వాషరే. ఒకసారి బిగిస్తే రాగి నలిగి గట్టిపడుతుంది. మళ్లీ వాడితే ఫీడ్ పంపు వైపు గాలి పీల్చి, ఇంజిన్ దడదడలాడి ఆగుతుంది. కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీటిలో ముంచితే మెత్తబడుతుంది. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి తీరు వేరు. పైన పట్టిన నల్లపొర సన్నని ఎమెరీ కాగితంతో తుడవాలి. గీతలు పడితే పారేయాలి.

అల్యూమినియం వాషరుకు ఈ పద్ధతి చెల్లదు. అది ఎరుపెక్కకుండానే 660 డిగ్రీల వద్ద కరిగిపోతుంది. ముందుగా సబ్బు రుద్ది, అది నల్లబడగానే మంట తీసేయాలి. బుడితి ఇత్తడి పనివారికి కొలిమి వేడి కంటితోనే తెలుస్తుంది, గ్యారేజీలో కుర్రవాడికి సబ్బే కొలత.

నాజిల్ కింద రెండు వాషర్లు వేయరాదు. నాజిల్ పైకి లేచి పిచికారీ దారి తప్పుతుంది. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి ఉంటుంది. శుభ్రం చేయకుండా వెల్డింగు పెట్టడం ప్రాణాలతో చెలగాటమే. వాషర్లు మార్చాక ఫిల్టరు వద్ద బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టాలి.