ఫ్యూచరామా: ఒక పేరు పుట్టుక

మాట్ గ్రోనింగ్ సృష్టించగా 1999 మార్చి 28న అమెరికాలో ప్రసారం మొదలైన 'ఫ్యూచరామా' అనే హాస్య యానిమేషన్ ధారావాహిక పేరు, 1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ సంస్థ కోసం నార్మన్ బెల్ గెడ్డెస్ రూపొందించిన అదే పేరుగల ప్రదర్శన నుంచి వచ్చింది. సందర్శకులు కదిలే కుర్చీలలో కూర్చుని 1960 నాటి నగరాల నమూనాను పైనుంచి చూసిన ఆ ప్రదర్శన పేరులో, భవిష్యత్తు అనే అర్థమిచ్చే 'ఫ్యూచర్' అనే ఇంగ్లీషు మాటకు 'రామా' చేరింది. 'సర్వం', 'దృశ్యం' అనే అర్థాలుగల గ్రీకు మాటల కలయికతో 18వ శతాబ్ది చివర పుట్టిన 'పనోరమా', అంటే నలువైపులా పరచుకున్న దృశ్యచిత్రం, నుంచి విడివడిన ఈ తునక క్రమంగా ఘనమైన ప్రదర్శనను సూచించే ప్రత్యయంగా స్థిరపడింది. పాత ప్రదర్శన విశాలమైన రహదారులను చూపి ఊరించగా, 1999 చివరి రాత్రి గడ్డకట్టుకుపోయి వెయ్యేళ్ల తరవాత మేలుకొన్న ఫ్రై అనే యువకుడికి ఒంటికంటి లీలా, రోబో బెండర్ తోడవడాన్ని తొలి భాగంలోనే చూపిన ధారావాహిక, ఎంత దూరపు కాలంలోనైనా మనిషికి కావలసింది స్నేహమేనని చాటి ఆ పాత పేరుకు కొత్త నిండుదనం ఇచ్చింది.