ఆస్ట్రియాలో పర్యాటకము

ఆస్ట్రియా మధ్య ఐరోపాలోని సముద్రతీరము లేని దేశము. రాజధాని వియన్నా. అధికార భాష జర్మన్. దేశములో సగానికి పైగా ఆల్ప్స్ పర్వతప్రాంతమే. అత్యున్నత శిఖరము గ్రాస్‌గ్లాక్నర్ ఎత్తు 3,798 మీటర్లు. మంచుకొండలు, ప్రాచీన నగరాలు రెండూ కొద్ది గంటల ప్రయాణదూరములో ఉండడము ఈ దేశపు ప్రత్యేకత.

చారిత్రక నేపథ్యము

హాబ్స్‌బర్గ్ వంశీయులు 1282 నుండి 1918 వరకు ఇక్కడ పాలించారు. మొదటి ప్రపంచయుద్ధానంతరము సామ్రాజ్యము విచ్ఛిన్నమై, ఒక మహాసామ్రాజ్యపు రాజధాని చిన్న గణతంత్ర దేశానికి మిగిలినది. వియన్నాలో నేడు కనిపించే విశాల ప్రాసాదాలకు, మ్యూజియములకు ఇదే కారణము.

చూడదగిన ప్రదేశాలు

* షోన్‌బ్రున్, వియన్నా: 1,441 గదులు గల రాజప్రాసాదము. 1996లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది.
* సాల్జ్‌బర్గ్: సంగీతకారుడు మోట్సార్ట్ 1756లో ఇక్కడ జన్మించాడు. కొండపైనున్న కోట నిర్మాణము 1077లో ప్రారంభమైనది. 1920 నుండి వేసవి సంగీతోత్సవాలు జరుగుతున్నవి.
* సెమ్మరింగ్ రైలుమార్గము: కార్ల్ వాన్ గెగా ఆధ్వర్యములో 1848-1854 మధ్య నిర్మించబడిన 41 కిలోమీటర్ల కొండమార్గము. అప్పటికి డైనమైట్ కనుగొనబడలేదు. నిర్మాణకాలములో వందలాది కార్మికులు అంటువ్యాధులకు బలయ్యారు. నేటికీ ఈ మార్గముపై రైళ్ళు నడుస్తున్నవి.
* హాల్‌స్టాట్: సరస్సు ఒడ్డునున్న చిన్న గ్రామము. ఇక్కడి ఉప్పుగనులు చరిత్రపూర్వ కాలమునాటివి. 1846లో వెలుగుచూచిన ప్రాచీన శ్మశానవాటిక కారణముగా ఐరోపా తొలి ఇనుపయుగ సంస్కృతికి ఈ గ్రామము పేరే పెట్టారు.

ప్రయాణ వివరాలు

ఆస్ట్రియా షెన్గన్ ఒప్పందములో భాగస్వామి. కనుక భారతీయ పర్యాటకులకు షెన్గన్ వీసా అవసరము. ద్రవ్యము యూరో. ముఖ్య నగరాలన్నిటికీ రైలు సౌకర్యము కలదు. కొండలలో నడకకు వేసవి, స్కీయింగ్‌కు శీతకాలము అనుకూలము.

సమస్యలు

హాల్‌స్టాట్ జనాభా వెయ్యికి లోపే. సందర్శకులు మాత్రము రద్దీ రోజులలో వేలసంఖ్యలో వస్తారు. 2012లో చైనాలో ఈ గ్రామానికి నకలు కూడా నిర్మించారు. రద్దీని భరించలేక 2023 ఆగస్టులో స్థానికులు గ్రామానికి వచ్చే సొరంగమార్గాన్ని కొంతసేపు అడ్డగించి నిరసన తెలిపారు. ఎత్తైన భవనాల ప్రతిపాదన వలన 2017లో యునెస్కో వియన్నా పాతనగరాన్ని ప్రమాదములోనున్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చినది. గ్రాస్‌గ్లాక్నర్ పాదములోని పాస్టెర్జె హిమానీనదము 19వ శతాబ్ది మధ్యభాగము నుండి కుంచించుకుపోతున్నది. పర్యాటకులను రప్పిస్తున్న మంచు, ప్రశాంతత, పాతదనము కాపాడుకొనడమే ఇప్పుడు ఆ దేశము ముందున్న సమస్య.