మదూరో సాబ్ ఎనభై ఒక్క రోజుల లీగ్

క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగని గల్లీలో పెరిగినవాణ్ణి నేను. బేస్‌బాల్‌తో నాకేం తాల్లుక్? కానీ వతన్ వదిలి హిజ్రత్ చేసినవాళ్ల దాస్తాన్ ఎక్కడ దొరికినా వదలకుండా చదవడం నా ఆదత్. అలా తగిలాడు బాబీ మదూరో.

క్యూబా మనిషి. హవానాలో షుగర్ కింగ్స్ టీమ్ ఆయనదే. 1954 నుంచి అమెరికా మైనర్ లీగ్‌లో, అంటే పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఆడేది. "ఇంకొక్క అడుగు, చేరిపోతాం" అన్నది వాళ్ల నారా. హవానాకి మేజర్ లీగ్ తేవాలని మదూరో ఖ్వాబ్. 1959లో ఇంఖిలాబ్ వచ్చింది. ఆ జూలైలో సంబరంగా జనం పేల్చిన తూటాలు మైదానంలో ఇద్దరికి తగిలాయి. ఒకాయన టోపీ లోపల పెట్టుకున్న ప్లాస్టిక్ తొడుగు వల్ల బచాయించాడు! అదే ఏడు జూనియర్ వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు. మరుసటి జూలైలో లీగ్ పెద్దలు టీమ్‌ని అమెరికాకి మార్చేశారు. మదూరో ఆస్తులు కొత్త సర్కార్ చేతికి పోయాయి, ఆయన మయామీ చేరాడు.

అరవై దాటాక, 1979లో, మళ్లీ మొదలుపెట్టాడు. ఇంటర్ అమెరికన్ లీగ్. కరాకస్, మారకైబో, సాంటో డొమింగో, పనామా, పోర్టోరికో, మయామీ: ఆరు టీములు, మధ్యలో సముందర్. మయామీ టీమ్ పేరు అమిగోస్, అంటే దోస్తులు. పనామా వాళ్లేమో బ్యాంకర్లు.

అసలు కిటుకు ఇక్కడుంది. మామూలుగా మైనర్ టీమ్ ఆటగాళ్ల తన్ఖా పైనున్న పెద్ద క్లబ్ ఇస్తుంది, సఫర్ బస్సులో సాగిపోతుంది. ఈ ఆరుగురికీ పైన ఏ క్లబ్బూ లేదు. సఫర్ అంటే విమానాలు, వీసాలు. పైగా వానలు. ఆట ఆగితే టికెట్ డబ్బు రాదు, హోటల్ ఖర్చు మాత్రం ఆగదు.

ఆటలో కూడా జోడీ కుదరలేదు. మయామీ 51 గెలిచి 21 ఓడింది. మిగతావాళ్లు దరిదాపుల్లో లేరు. గెలుపు ముందే ఖరారైన తమాషాకి జనం ఎందుకొస్తారు? జూన్ మధ్యలో పోర్టోరికో, పనామా చేతులెత్తేశాయి. అవును, బ్యాంకర్ల జేబే ముందు ఖాళీ అయింది. ఏప్రిల్ 11న మొదలైన లీగ్ జూన్ 30న బంద్.

ఆయన్ని దీవానా అనొచ్చు. నేననను. లెక్క తప్పింది నిజమే, కానీ నజర్ తప్పలేదు. ఆ అమిగోస్‌ని నడిపిన డేవీ జాన్సన్‌కి మేనేజర్‌గా అదే మొదటి నౌకరీ. 1986లో న్యూయార్క్ మెట్స్‌ని వరల్డ్ సిరీస్ గెలిపించాడు.

అదే ఏడు మదూరో ఇంతఖాల్ అయ్యారు. తర్వాత మయామీ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు, 2001లో దాన్నీ కూల్చి ఇళ్లు కట్టుకున్నారు. హవానాలో ఆయన భాగస్వామిగా 1946లో కట్టించిన స్టేడియం మాత్రం వేరే పేరుతో నిలబడే ఉంది. అందులో ఇప్పటికీ బేస్‌బాల్ ఆడుతున్నారు.