చండీరాణికి ముందూ తర్వాతా

తెలుగులో తొలి మహిళా దర్శకురాలు ఎవరంటే సినిమాల మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్లెవరైనా భానుమతి పేరే చెబుతారు. సినిమా 'చండీరాణి', సంవత్సరం 1953. క్విజ్ పుస్తకాల్లోనూ ఆ ముక్కే ఉంటుంది. దాని తర్వాత ఫుల్‌స్టాప్. ఆ ఫుల్‌స్టాప్ నాకు నచ్చదు. మాది ఒంగోలు వైపు. భానుమతిగారు పుట్టిన దొడ్డవరం మా జిల్లా ఊరే. పైగా నేను టీవీ సీరియళ్లకు మాటలు రాసి బతికినదాన్ని. కెమెరా ముందు నిలబడే అమ్మాయి కలం పట్టాలంటే, ఆ తర్వాత కెమెరా వెనక్కి వెళ్లి "యాక్షన్" అనాలంటే, మధ్యలో ఎంత నడక ఉంటుందో సెట్లో ఉండి చూసినదాన్ని. అందుకే ఆవిడ నడిచిన ఆ దారి గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

భానుమతిగారి మాట ఎత్తగానే ఆవిడ ధీమా గురించి చెప్పుకోవడం మనకు అలవాటు. "ఎవరికీ తల వంచని మనిషి, అందుకే డైరెక్షన్ కూడా చేసేసింది" అంటారు. ధీమా ఉన్నమాట నిజమే. కానీ ధీమాతో సినిమా పూర్తి కాదు. ఆవిడ తొలి సినిమా 'వరవిక్రయం' 1939లో వచ్చింది. అక్కణ్ణుంచి 'చండీరాణి' దాకా పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లూ ఆవిడ చదువుకున్న బడి అని నా నమ్మకం.

ఇంటి దగ్గర మొదలైన చదువు అది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతం తెలిసిన మనిషి. కూతురికి పాట ఆయన దగ్గరే అబ్బింది. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకం 'వరవిక్రయా'న్ని సి. పుల్లయ్యగారు కలకత్తాలో తెరకెక్కిస్తూ, కాళింది వేషానికి ఈ అమ్మాయిని ఎంచుకున్నారు. కట్నం బేరానికి తలవంచలేక ప్రాణం తీసుకునే పిల్ల పాత్ర అది. అప్పటికి భానుమతిగారికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. పాడగలిగినవాళ్లకే వేషాలు దొరికే కాలం. తన గొంతు తానే పాడుకునే నటికి సెట్లో ఒక బలం ఉంటుంది. పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మీద కెమెరా ముఖానికి దగ్గరవ్వాలో ఆమెకు లోపలినుంచి తెలుస్తుంది. సన్నివేశానికి లయ ఉంటుందని భానుమతిగారు మొదట నేర్చుకున్నది పాటలోనే అని నాకనిపిస్తుంది.

1943లో 'కృష్ణప్రేమ' తీస్తుండగా ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావుగారితో పరిచయమైంది. ఆ ఏడే పెళ్లి. పెళ్లయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనుకున్నారట. బి.ఎన్. రెడ్డిగారు 'స్వర్గసీమ' కోసం అడిగి తీసుకొచ్చారు. 1945లో వచ్చిన ఆ సినిమాలో పచ్చని సంసారాన్ని అల్లకల్లోలం చేసే సుజాత పాత్రతో ఆవిడ పేరు దేశమంతా మోగింది. ఇక వెనక్కి చూసే పని లేకపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 'స్వర్గసీమ'లో ఆవిడ పక్కన నటించినది చిత్తూరు నాగయ్యగారు. ఆ మరుసటేడు, 1946లో, నాగయ్యగారు తానే నటించి, సంగీతం కూర్చి, 'త్యాగయ్య'కు దర్శకత్వం వహించారు. అదే 1946లో వచ్చిన 'గృహప్రవేశం'లో భానుమతిగారి సరసన నాయకుడిగా వేసినాయన ఎల్.వి. ప్రసాద్‌గారు. ఆ సినిమాకు దర్శకుడూ ఆయనే. టాకీల తొలినాళ్లలో 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటిలోనూ చిన్నాచితకా వేషాలు కట్టి, మెట్టు మెట్టుగా దర్శకుడి కుర్చీ దాకా వచ్చిన మనిషి. అంటే, ముఖానికి రంగు వేసుకునే, సెట్టంతా నడిపించే మగవాళ్లు ఇద్దరు ఏడాది వ్యవధిలో ఆవిడ పక్కనే నిలబడ్డారు. వాళ్లను చూస్తూ పనిచేసిన నటికి "ఇది నేనూ చేయొచ్చు కదా" అన్న ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది? భానుమతిగారిని ఒంటరి వింతగా చూపించే రాతల్లో ఈ ఇరుగుపొరుగు కనపడదు. కాళ్లకింద నేల అప్పటికే సిద్ధమవుతోంది. దక్షిణాదిన ఆవిడకు ముందు ఒక ఆడమనిషి ఆ నేల మీద నడిచింది కూడా. 'కాళిదాస్' నాయిక టి.పి. రాజలక్ష్మి 1936లోనే తాను రాసిన నవలను తమిళంలో 'మిస్ కమల'గా తానే తెరకెక్కించారు.

నేల ఉంటే సరిపోదు, దాని మీద ఇల్లు ఉండాలి. కొడుకు భరణి పేరు మీద భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. రామకృష్ణగారి దర్శకత్వంలో 'రత్నమాల', 1949లో 'లైలా మజ్ను', 1952లో 'ప్రేమ' వచ్చాయి. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో సొంత స్టూడియో కూడా నిలిచింది. నటిగా ఆవిడ పొద్దున సెట్టుకు వెళితే, నిర్మాతగా రాత్రికి లెక్కలు ఇంటికే వచ్చేవి. ముడి ఫిల్ము ఎంత ఖర్చయింది, సెట్టు ఎన్ని రోజులు నిలబెట్టాలి, ఎవరి కాల్షీట్లు ఎప్పుడు. ఈ పని చేసినవాళ్లకు నటన ఒక్కటే సినిమా కాదని అర్థమవుతుంది. నటికి తన వేషం తెలిస్తే చాలు. దర్శకురాలికి లైట్‌బాయ్ భోజనానికి ఎప్పుడు దిగుతాడో కూడా తెలియాలి. భరణీ ఆవిడకు నేర్పింది అది.

అలా 'చండీరాణి' మొదలైంది. కథ, దర్శకత్వం ఆవిడవి. నాయకుడు ఎన్.టి. రామారావుగారు. తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో ఒకేసారి తీశారు. పైగా ఆవిడది ద్విపాత్రాభినయం. ఈ మూడు మాటలూ ఒక్క గుక్కలో చదివేస్తే వాటి బరువు తెలియదు. విడివిడిగా చూడాలి.

ఒకేసారి మూడు భాషల్లో తీయడమంటే, ఒక భాషలో తీసి మిగతా భాషల్లోకి మాటలు మార్చడం కాదు. సెట్టు ఒకటే, వెలుగు ఒకటే. తెలుగులో షాటు ఓకే అనగానే అదే షాటు తమిళంలో, ఆపైన హిందీలో. మాట పొడవు మారుతుంది, విరుపు మారుతుంది, దాంతోపాటు నడకా చూపూ మారతాయి. అన్నీ చేసి, మూడింటిలోనూ భావం ఒక్కటిగా ఉందో లేదో తూచాల్సింది దర్శకులు. ఇక ద్విపాత్రాభినయం. ఒకే ఫ్రేములో ఇద్దరూ కనపడాలంటే ఆ రోజుల్లో కెమెరాను కదలకుండా బిగించి, లెన్సు ముందు సగం మూసి ఒక వేషం తీసేవాళ్లు. ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం తెరిచి మరో వేషం తీసేవాళ్లు. నటి చెయ్యి గీత దాటితే అంతా వృథా. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరో ఉన్నట్టు చూడాలి.

మేము సెట్లో మానిటర్ ముందు కూర్చుంటాం. షాటు అవగానే వెనక్కి తిప్పి చూసుకుంటాం. ఆవిడకు ఆ సౌకర్యం లేదు. తాను చేసింది ఎలా వచ్చిందో ల్యాబ్ నుంచి రష్ వచ్చేదాకా తెలియదు. తాను నటిస్తున్నంతసేపూ తన సినిమాకు కన్ను ఛాయాగ్రాహకుడే. చెవి మాత్రం ఆవిడదే. ఇంకో దెబ్బ కూడా తగిలింది. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్‌గారు 1952లో చిన్న వయసులోనే పోయారు. మిగిలిన పనిని ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న ఎం.ఎస్. విశ్వనాథన్‌గారు అందుకున్నారు. నటి అయితే ఇలాంటి వార్త విని కన్నీళ్లు పెట్టుకుని మేకప్ గదిలో కూర్చోవచ్చు. నిర్మాత, దర్శకురాలు అయిన మనిషి కన్నీళ్లు తుడుచుకుని మర్నాటి పాట సంగతి చూడాలి.

సొంత ఇల్లు ఉండటంలోని విలువ ఏమిటో 'మిస్సమ్మ' సంగతి చెబుతుంది. ఆ సినిమాలో మొదట నాయిక భానుమతిగారే. కొంత చిత్రీకరణ అయ్యాక నిర్మాతలతో పొసగక బయటికి వచ్చేశారు. ఆ వేషం సావిత్రిగారికి వెళ్లింది, 1955లో విడుదలై చరిత్ర అయింది. ఇంకో నటి అయితే ఆ దెబ్బకు బెంగపెట్టుకునేది. భానుమతిగారికి 'చక్రపాణి', 'విప్రనారాయణ' సొంత సంస్థలో 1954లోనే వచ్చాయి. "వద్దు" అని లేచి వచ్చేయడానికి తిరిగి వెళ్లే చోటు ఒకటుండాలి.

'చండీరాణి' తర్వాత ఆవిడ వరసపెట్టి దర్శకత్వం చేయలేదు. 'చింతామణి', 'వరుడు కావాలి', 'బాటసారి', 'గృహలక్ష్మి' లాంటి భరణీ సినిమాలకు రామకృష్ణగారే దర్శకులు. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర 'బడదీదీ'ని 'బాటసారి'గా మలిచినప్పుడు ఆవిడ నటిగానే నిలబడ్డారు. ఈ కాలాన్ని చాలామంది ఖాళీగా చూస్తారు. నాకు అలా కనపడదు. దర్శకురాలు ఆ రోజుల్లో వేరేచోట పనిచేస్తోంది. కాగితం మీద.

ఆవిడ రాసిన 'అత్తగారి కథలు' మా ఇంట్లో అట్ట ఊడిపోయిన పుస్తకం. మా పెద్దమ్మ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వసారాలో కూర్చుని పైకి చదివేది. చుట్టూ ఆడవాళ్లు నవ్వి నవ్వి కొంగులతో కళ్లు తుడుచుకునేవాళ్లు. మా పెద్దమ్మ సొంత అత్తగారు కూడా ఆ గుంపులోనే కూర్చుని నవ్వేది. అప్పుడు నవ్వు ఒక్కటే తెలిసింది. మాటలు రాసే పనిలోకి వచ్చాక ఆ కథల కట్టుబడి తెలిసింది. కథ చెప్పేది కోడలు. కానీ కథ కోడలిది కాదు. మడీ ఆచారం, అమాయకత్వం, పంతం, ప్రేమ అన్నీ కలిసిన అత్తగారిదే మంచి మాట, మంచి ఘట్టం, చివరి నవ్వు. కోడలు పక్కన నిలబడి చూస్తుంది.

దక్షిణాదిలో అంత పెద్ద తార కథ రాయడానికి కూర్చుని, ముఖ్యపాత్ర ఇంకొకరికి ఇచ్చేసింది! నటి మనసు నడి ఫ్రేమును కోరుకుంటుంది. అది తప్పు కాదు, ఆ వృత్తి స్వభావమే అంత. తన వెలుగును ఇంకొకరి మీదికి తిప్పి, తాను చీకట్లో నిలబడి ఆనందించగలిగితేనే నటి దర్శకురాలవుతుంది. భానుమతిగారిలో ఆ మార్పు పూర్తయింది సెట్లో కాదు, ఈ కథల్లో అని నేను గట్టిగా నమ్ముతాను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆవిడను కథకురాలిగా గౌరవించింది. ఆత్మకథ 'నాలో నేను' సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం అందుకుంది. ఇవి తారకు దక్కిన మర్యాదలు కావు, రచయిత్రికి దక్కినవి.

1970ల్లో ఆవిడ మళ్లీ దర్శకత్వానికి వచ్చారు. 1972లో 'అంతా మన మంచికే', 1974లో 'అమ్మాయి పెళ్లి'. 1982లో పాత్రలన్నీ పిల్లలతోనే వేయించి 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. మొదటి సినిమాలో తానే ఇద్దరై ఫ్రేమును నింపుకున్న మనిషి, ముప్ఫై ఏళ్ల తర్వాత ఫ్రేమంతా పిల్లల చేతికిచ్చేశారు. 'అత్తగారి కథలు' చదివినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఆ దారిన తర్వాత నడిచినవాళ్లలో ఇద్దరి గురించి తప్పక చెప్పాలి. సావిత్రిగారు 1968లో 'చిన్నారి పాపలు'తో దర్శకురాలయ్యారు. ముఖ్య శాఖల్లో ఆడవాళ్లనే పెట్టుకుని తీసిన సినిమా అది. సంగీతం పి. లీలగారు. మరుసటేడు 'మాతృదేవత' వచ్చింది. 1971లో 'మూగమనసులు'ను తమిళంలో 'ప్రాప్తం'గా తీసి బాగా నష్టపోయారు. నటిగా సావిత్రిగారికి సాటి లేదు. కానీ ఒక సినిమా పోతే తట్టుకుని నిలబెట్టే సంస్థ ఆవిడ వెనక లేదు. ఆ లోటును ఆవిడ ప్రతిభ లోటుగా చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

విజయనిర్మలగారు 1973లో మలయాళంలో 'కవిత'తో మొదలుపెట్టి, అదే ఏడు యద్దనపూడి సులోచనారాణిగారి నవలను తెలుగులో 'మీనా'గా తీశారు. నవల రాసింది ఆడమనిషి, తీసింది ఆడమనిషి, చదివినవాళ్లూ చూసినవాళ్లూ ఎక్కువగా ఆడవాళ్లే. తర్వాత ఆగలేదు. అత్యధిక సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. భానుమతిగారి కాలంలో అపురూపమైన సంగతిని విజయనిర్మలగారు రోజువారీ ఉద్యోగంగా మార్చారు. ఆవిడకూ సొంత సంస్థ ఉంది, చేతిలో జనం చదివి మెచ్చిన కథ ఉంది.

ముగ్గురి బతుకులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందిది. ప్రతిభ ముగ్గురికీ ఉంది, ధైర్యమూ ఉంది. తేడా తెచ్చినవి నిలబడే చోటు, చేతిలో కథ. ఈ మధ్య నటించే అమ్మాయిలు కొందరు నా దగ్గరికి వచ్చి, "అక్కా, డైరెక్షన్ చేయాలనుంది, ఎవరి దగ్గర అసిస్టెంటుగా చేరమంటావు?" అని అడుగుతుంటారు. ఎవరి దగ్గరైనా చేరండి, పని నేర్చుకోండి. కానీ ముందు ఒక కథ రాయండి. అందులో మంచి వేషం మీకు కాకుండా ఇంకెవరికైనా ఇవ్వండి. ఇచ్చాక సంతోషం కలిగితే మీరు ఆ కుర్చీకి తగినవాళ్లే. ఆ తర్వాత డబ్బు లెక్క నేర్చుకోండి, ఒక చోటు సంపాదించుకోండి. దొడ్డవరం అమ్మాయి ఇవన్నీ ఎవరూ చెప్పకుండా, పద్నాలుగేళ్లు కళ్లు తెరుచుకుని పనిచేసి నేర్చుకుంది. మన సినిమా చరిత్రలో ఆవిడకు 'తొలి' అన్న బిరుదు ఒక్కటే ఇచ్చి పంపేయకూడదు. ఆవిడ పని నేర్చుకున్న తీరును పాఠంగా చెప్పుకోవాలి.