కొరమీను ఊపిరి: చెరువు నీటికీ గాలికీ నడుమ వాయువుల రాకపోకల చరిత్ర

నాగర్‌కర్నూల్ జిల్లాలోని తిమ్మాజిపేట పరిసరాల్లో చెరువులు, కుంటలు చాలావరకు వాననీటితో నిండేవి కావడం చేత, ఎండాకాలం ముదిరేసరికి అవి బురద మడుగులుగా మిగలడం పాలమూరు ప్రాంతానికి తరతరాలుగా తెలిసిన సంగతి. అటువంటి మడుగులో బొచ్చె, రవ్వ ముందుగా తేలిపోగా కొరమీను, మార్పు అనే చేపలు మాత్రం బతికే ఉంటాయని చేపలు పట్టే ముదిరాజులకూ బెస్తలకూ ఏ గ్రంథమూ చెప్పనక్కరలేదు. ఒకే నీటిలో ఒక చేపకు ఊపిరాడకపోవడానికీ, మరొకటి నిలవడానికీ కారణమేమిటన్న ప్రశ్నకు శాస్త్రం సమాధానం చెప్పడానికి మాత్రం రెండు శతాబ్దాలకు పైగా పట్టింది; ఆ అన్వేషణలో హైదరాబాదుకూ ఒక స్థానం ఉంది.

శ్వాస అంటే ఏమిటో తేలకుండా ఈ ప్రశ్నను అడగడమే సాధ్యం కాదు. 1770వ దశకంలో ప్రీస్ట్లీ ఒక వాయువును వేరుచేయగా, దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజియే, జంతువు ఊపిరి పీల్చడం కూడా నెమ్మదిగా జరిగే దహనమేనని, అందులో ఆక్సిజన్ ఖర్చయి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని నిరూపించాడు. అయితే ఆ దహనం ఊపిరితిత్తుల్లోనే జరుగుతుందని ఆయన భావించగా, అది శరీరంలోని కణజాలాలన్నింటిలోనూ జరుగుతుందని, రక్తం ఆ వాయువులను మోసే వాహకం మాత్రమేనని పందొమ్మిదవ శతాబ్దంలో క్రమంగా రుజువైంది. చేపల విషయంలో హంబోల్ట్, ప్రొవెన్సాల్ అనే ఇద్దరు 1809లో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. చేప నీటినే విడగొట్టి వాయువు తీసుకోదని, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌నే మొప్పల ద్వారా గ్రహిస్తుందని దాని సారాంశం.

ఇక్కడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. లీటరు గాలిలో దాదాపు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉండగా, 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో ఎంత కరిగినా 6 మిల్లీలీటర్లకు మించదు. నీరు వేడెక్కిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. పైగా రాత్రివేళ నాచు, ఇతర మొక్కలు ఆక్సిజన్‌ను తయారుచేయడం మాని, తామే దాన్ని వాడుకుంటాయి గనుక, వేసవి చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళకు చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపించడానికి కారణం ఇదే. బొచ్చె పైకి వచ్చినా లాభం స్వల్పమే, ఎందుకంటే నీటిలో విడివిడిగా ఆడే దాని మొప్ప రేకులు గాలి తగలగానే తడిసిన వెంట్రుకల్లా ఒకదానికొకటి అతుక్కుపోయి, వాయువు చేరవలసిన వైశాల్యమే లేకుండా చేస్తాయి.

గాలి పీల్చే చేపలు భారతదేశంలో ఉన్నాయన్న వార్త యూరపుకు తరంగంబాడి నుంచి అందింది. అక్కడి డేనిష్ వలసలో పనిచేసిన డాల్డార్ఫ్ అనే సైనికాధికారి, తాటిచెట్టు మొదలు మీద ఎగబాకుతున్న చిన్న చేపను తాను చూసినట్లు రాసిన లేఖ 1797లో లండన్‌లో అచ్చయింది. ఆ చేప చెట్టెక్కడం నిజమా కాదా అన్న వాదులాటలోనే చాలాకాలం గడిచిపోయి, అది గాలిలో ఎలా బతికిందన్న విషయం వెనకబడింది. మద్రాసు రాజధానిలో వైద్యుడిగా పనిచేసి, 1875-78 మధ్య భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం వెలువరించిన ఫ్రాన్సిస్ డే ఈ లోపాన్ని సరిచేశాడు. ఇటువంటి చేపలను నీటిపైకి రానివ్వకుండా అడ్డుకుంటే నీటిలో ఉంటూనే ఊపిరాడక చస్తాయని ఆయన ప్రయోగం చేసి చూపాడు. వలలో అడుగున చిక్కి పైకి రాలేని కొరమీను చచ్చిపోవడానికి కారణం కూడా అదే.

ఇంతలో, వాయువు శరీరంలోకి వెళ్లే పద్ధతి మీద డెన్మార్క్‌లో పెద్ద చర్చ నడిచింది. కొన్ని సముద్రపు చేపల గాలితిత్తిలో నీటిలో కన్నా ఎన్నో రెట్లు గాఢంగా ఆక్సిజన్ పోగవడాన్ని ఆధారం చేసుకుని, ఊపిరితిత్తులు కూడా ఆక్సిజన్‌ను శ్రమపడి లోపలికి లాగుతాయని క్రిస్టియన్ బోర్ వాదించాడు. ఆయన వద్ద సహాయకుడిగా పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, భార్య మరీతో కలిసి 1910లో ప్రచురించిన పరిశోధనల్లో ఆ వాదాన్ని తోసిపుచ్చి, వాయువులు ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి వాటంతట అవే వెళ్తాయని, అంటే విసరణ ఒక్కటే దారి అని తేల్చారు. గురువు సిద్ధాంతాన్ని కొలతలతో కాదనడానికి కావలసిన నిజాయితీ ఈ చరిత్రలో తలచుకోదగినది. విసరణ ఒక్కటే దారి అయినప్పుడు జంతువు చేయగలిగింది పల్చని పొర, పెద్ద వైశాల్యం, దగ్గరగా రక్తం అమర్చుకోవడమే.

కొరమీను సరిగ్గా ఆ పనే చేసింది. దాని తలలో మొప్పలకు పైన ఒక గది ఉంటుంది; చేప నీటిపైకి వచ్చి, పాత గాలిని బుడగలుగా వదిలి, కొత్త గాలిని మింగినప్పుడు అది ఆ గదిలో చేరి, లోపలి గోడలోని సన్నని రక్తనాళాలకు ఆక్సిజన్‌ను అందిస్తుంది. మార్పు చేపలో ఆ గదిలోనే కొమ్మలు చీలిన చెట్టు ఆకారపు అవయవం ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు నీటిలో ఆక్సిజన్ కన్నా ఎన్నో రెట్లు సులువుగా కరుగుతుంది గనుక, దానిని వదలడానికి మాత్రం ఈ చేపలు నేటికీ మొప్పలనూ చర్మాన్నీ ఎక్కువగా వాడుకుంటున్నాయి. గాలి నుంచి పుచ్చుకుని నీటికి వదిలే ఈ జంట ఏర్పాటు, నీటి నుంచి నేల మీదికి జంతువుల ప్రయాణం ఎలా సాగి ఉంటుందో ఊహించడానికి చక్కని ఆధారం.

భారతీయ చేపల్లో ఈ అవయవాలు పిల్లదశ నుంచి ఎలా ఏర్పడతాయో వివరించిన బి. కె. దాస్ వ్యాసం 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. తర్వాత ఆయన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు; 1940లో భారత సైన్స్ కాంగ్రెస్ జంతుశాస్త్ర విభాగానికి అధ్యక్షత వహిస్తూ, ఈ చేపల పరిణామాన్నే తన ఉపన్యాస విషయంగా తీసుకున్నారు. ఆ తర్వాత భాగల్పూర్‌లో దత్తా మున్షీ, ఆయన సహచరులు గాలికీ రక్తానికీ నడుమనున్న పొర మందాన్ని మైక్రాన్లలో కొలిచి, క్రోగ్ సూత్రానికి చేప శరీరంలోనే లెక్కలు చూపారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో శ్వాసక్రియ అనగానే మనిషి ఊపిరితిత్తుల బొమ్మే కనిపిస్తుంది గానీ, ఇంత దగ్గరి పరిశోధనకు అందులో చోటు దొరకకపోవడం విచారకరం.

తెలంగాణ కొరమీనును రాష్ట్ర చేపగా 2016లో ప్రకటించింది. అయితే ఊరి చెరువుల్లో వదిలే పిల్లల్లో ఎక్కువ భాగం మొప్పలనే నమ్ముకున్న బొచ్చె, రవ్వ, బంగారుతీగలే కాబట్టి, వాటి ప్రాణం నీటిలో కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడుతుంది. గుర్రపుడెక్క పూర్తిగా కమ్మేసిన చెరువులో గాలి నీటికి అందక అవి చస్తే, పైకి రావడానికి దారి లేక కొరమీనుకూ ఇబ్బందే. కనుక మత్స్యకార సహకార సంఘాలు వేసవి నెలల్లో తెల్లవారుజామున నీటిలోని ఆక్సిజన్‌ను కొలిపించుకోవడం, గుర్రపుడెక్కను వానలకు ముందే తీయించడం వెంటనే మొదలుపెట్టాలి.