పాత ఓడ, కొత్త కాపురం

మా చిలమత్తూరు వాళ్ళకు సముద్రమంటే సినిమాలో చూసేదే. ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందంటే "చెరువు నిండిన ఏడు" అని గుర్తు చెప్పుకునే ఊరు మాది. వానకోసం ఆకాశంకేసి చూసి మెడలు నొప్పిపుట్టడమే గానీ, నీళ్ళను చూసి భయపడే భాగ్యం మాకెక్కడిది? అలాంటి ఊరినుంచి మా చిన్నమామ నేవీలో చేరాడు. చేరి, తను పనిచేసే విక్రాంత్ అనే ఓడమీద విమానాలు దిగుతాయని అవ్వకు ఉత్తరం రాశాడు.

అప్పటికి నేను పుట్టలేదు, అమ్మ చెప్పగా విన్నదే. అవ్వ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "ఆ ఓడ ఎవరికాడ కొన్యారంట?" అని అడిగిందట. ఇంగ్లీషువాళ్ళ దగ్గర అన్నాడు పెద్దమామ. "అంత మంచి ఓడైతే వాళ్ళెందుకు అమ్ముకున్యారబ్బీ?" అందిట అవ్వ.

నవ్వకండి. పాత చీరలేసి స్టీలు గిన్నె తీసుకునేటప్పుడు, అడుగు తిప్పి చూడకుండా ఎవరం తీసుకుంటాం? విమాన వాహక నౌకల కథంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

1910లో యూజీన్ ఎలీ అనే అమెరికన్, యుద్ధనౌక మీద చెక్కలతో వేదిక కట్టించి దాని మీదనుంచి విమానం ఎగరేశాడు. మరుసటి జనవరిలో ఇంకో ఓడమీద దిగి చూపించాడు. విమానాన్ని ఆపడానికి ఇసుక మూటలు కట్టిన తాళ్ళు అడ్డంగా పరిచారట! ఇప్పటికీ చాలా ఓడల మీద సూత్రం అదే. తాళ్ళకు బదులు ఉక్కు తీగలు వచ్చాయి, విమానం తోకకిందున్న కొక్కెం వాటిని తగులుకోవాలి. 1918లో బ్రిటన్ ఆర్గస్ అనే ఓడకు ఈ కొసనుంచి ఆ కొసదాకా చదునైన పైకప్పు వేసింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి సముద్రం మీద రాణి ఈ ఓడే అయింది.

ఆ యుద్ధంలో త్వరత్వరగా కావాలని బ్రిటన్ చిన్నరకం వాహక నౌకలు వరసబెట్టి మొదలుపెట్టింది. 1945లో యుద్ధం ముగిసింది. కొన్ని ఓడలు సగంలోనే ఉండిపోయాయి. పెళ్ళయ్యాక మిగిలిన లడ్లు ఏం చేస్తాం? పంచిపెడతాం. బ్రిటన్ మాత్రం ఊరికే పంచలేదు. కెనడా, ఆస్ట్రేలియా, హాలెండు, ఫ్రాన్సు, బ్రెజిల్ ఇలా కొన్ని దేశాలు వాటిని తీసుకున్నాయి. హెర్క్యులిస్ అనే సగం ఓడను 1957లో మనం కొన్నాం. బెల్‌ఫాస్ట్‌లో దాన్ని పూర్తిచేయించి, 1961 మార్చి 4న విక్రాంత్ అని పేరు పెట్టుకున్నాం. మన నౌకాదళంలోకి దాన్ని ఆహ్వానించింది ఒక స్త్రీ, అప్పటి మన హైకమిషనర్ విజయలక్ష్మీ పండిట్.

అమ్మడానికి అసలు కారణం వేరే ఉంది. జెట్ విమానాలు వచ్చాయి. బరువెక్కువ, వేగమెక్కువ, చిన్న ఓడలు వాటికి చాలవు. పైకప్పును ఏటవాలుగా మలచడం, ఆవిరితో విమానాన్ని విసిరే యంత్రం, దిగేవాడికి దారి చూపే అద్దం - ఈ మూడూ బ్రిటన్ వాళ్ళ తెలివే. వాటిని మన విక్రాంత్‌కూ అమర్చారు. నగ పాతదే, మెరుగు కొత్తది.

ఆ పాత నగే 1971లో మన పరువు నిలబెట్టింది. బాయిలరు పగుళ్ళతో పూర్తి వేగం అందుకోలేని స్థితిలోనే అది యుద్ధానికి బయలుదేరింది. దాన్ని ముంచాలని పాకిస్తాన్ ఘాజీ అనే సబ్‌మెరైన్‌ను పంపింది. చూశారూ, ఆ ఘాజీ కూడా అమెరికా దగ్గర తెచ్చుకున్న పాతదే! విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించాలి. ఇందుకు చేసిన ఉపాయాలను అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ తర్వాత తన ఆత్మకథలో రాశారు. వాటిలో ఒకటి, విక్రాంత్ నావికుడెవరో పంపినట్టు, జబ్బుపడిన తల్లి ఎలా ఉందని అడిగే ఒక టెలిగ్రామ్. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ఒడ్డుకు దగ్గరలోనే ఘాజీ మునిగిపోయింది. మనవాళ్ళ బాంబులకని మనం, లోపలి పేలుడు వల్లనని వాళ్ళు చెప్పుకున్నా, అందులో 90 మందికి పైగా పోయారు.

అది చదివిన రోజు పుస్తకం మూసేసి కూర్చున్నాను. టెలిగ్రామ్‌లో తల్లి అబద్ధం. చిలమత్తూరులో కొడుకు ఉత్తరం రాక, పోస్టుమాన్ సైకిలు గంటకు ఉలిక్కిపడుతున్న మా అవ్వ నిజం. కరాచీలోనో లాహోరులోనో ఎదురుచూసిన తల్లులూ నిజమే కదా. మామ ఉగాదికి క్షేమంగా వచ్చాడు గనక మాకిది కథయింది.

అమ్మేవాడి మనసు ఎలాంటిదో 1982లో తెలిసింది. బ్రిటన్ ఇన్విన్సిబుల్ అనే ఓడను ఆస్ట్రేలియాకు అమ్మడానికి మాటిచ్చింది. ఇంతలో ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చింది, మాట కాస్తా వెనక్కి పోయింది. తమకు అవసరమొస్తే ఎవరూ అమ్మరు! అదే యుద్ధానికి ముందు నడిచిన హెర్మిస్‌ను మాత్రం 1986లో మనకిచ్చారు. అదే విరాట్. ఆ ఓడ 2017లో రిటైరయ్యాక విశాఖకు తెచ్చి నిలుపుదామన్న మాటలు జరిగాయి గానీ, 2020లో ముక్కలు కావడానికి గుజరాత్‌లోని అలంగ్ చేరింది.

ఇక రష్యా బేరం. ఓడ ఉచితం, బాగుచేసే ఖర్చే మీది అన్నారు. 2004లో సుమారు 97 కోట్ల డాలర్లు అనుకున్న ఖర్చు 235 కోట్లయింది. 2008లో రావలసినది 2013లో విక్రమాదిత్యగా చేరింది. ఉచితమన్న మాట వినగానే కొంగు ముడి బిగించుకోవాలని మనకు వేరే చెప్పాలా? చైనా బేరం ఇంకో వింత. తేలే జూదశాలకని ఉక్రెయిన్ దగ్గర 1998లో రెండు కోట్ల డాలర్లకు కొన్న సగం ఓడ, 2012లో చైనా మొదటి వాహక నౌకయి కూర్చుంది.

ఇన్నేళ్ళు పాతవాటితో కాపురం చేసి మనమూ పని నేర్చుకున్నాం. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో మనమే కట్టిన కొత్త విక్రాంత్ నౌకాదళంలో చేరింది. పొడవు 262 మీటర్లు. మా పక్కనున్న లేపాక్షి నంది లాంటివి ముప్పైకి పైగా వరసగా కూర్చోవచ్చు. కావలసిన ఉక్కు బయటినుంచి దొరక్కపోతే, దాన్ని రూపొందించిన వాళ్ళలో హైదరాబాద్‌లోని డి.ఎం.ఆర్.ఎల్. ప్రయోగశాల వాళ్ళున్నారు. స్త్రీ అధికారులకని గదులూ ఉన్నాయందులో.

మరి మనమూ కట్టి ఇతరులకు అమ్మవచ్చు గదా అంటారేమో. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టం. విమానాలు, పైలట్లు, కాపలా ఓడలు, రేవు, వెయ్యిన్నర మందికి పైగా మనుషులు - ఇవన్నీ ఉంటేనే అది ఓడ. కొత్తగా కట్టి పరదేశానికి అమ్మినదంటే, 1997లో స్పెయిన్ నుంచి థాయిలాండ్ తీసుకున్నదే చెప్పుకోదగ్గది. దాని విమానాలు 2006లోనే మూలపడ్డాయి. కొనేవాళ్ళు తక్కువ. ఉన్న కొద్దిమందీ తమదే కట్టుకోవాలనుకుంటారు.

అయినా ఏనాటికైనా మనమూ ఒక ఓడను అమ్ముతామే అనుకోండి. ఆనాడు ఏ దేశంలోనో, చెరువెండిన ఏ పల్లెలోనో ఒక తల్లి కొడుకు ఉత్తరం చదివించుకుని, "అంత మంచి ఓడైతే వాళ్ళెందుకు అమ్ముకున్నారు?" అని అడుగుతుంది. ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పగలిగిన జవాబు మన దగ్గరుంటేనే అమ్మాలి. మా అవ్వకైతే ఎవరూ చెప్పలేదు.