వీధికుక్కయు శరణాలయమును

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరును ఆనుకొనియున్న పెర్కిట్ పసుపు పండు సీమలోనిది. అచ్చటనే కాదు, తెలుగునాట ఎచ్చటనైనను గాయమైనచో ముందుగా చేయి పసుపుడబ్బా మీదికి పోవును. చిన్న గీతకైతే సరే, కుక్కకాటుకు ఆ నమ్మకము పనికిరాదు. గాయమును పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే టీకాకు పోవలెను. రేబిస్ లక్షణములు పొడసూపిన పిదప ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు. వీధికుక్కయన్న మనకు గల భయము నిష్కారణమైనది కాదు.

ఆ భయమునకు పాలకులు వెదకిన తొలిమందు చంపుట. 1832లో బొంబాయి అధికారులు కుక్కలను చంపినవారికి బహుమానము ప్రకటింపగా పార్సీలు తిరుగబడిరి, అంగళ్ళు మూతపడెను. 1834లో జంషెట్జీ జీజీభాయి ప్రభృతుల పూనికతో అచ్చట పింజ్రాపోల్ వెలసినది. నేటి శరణాలయములకు అది పెద్దదిక్కు వంటిది.

మద్రాసులోను కుక్కలను పట్టి చంపుట తరతరములు సాగినది. వీధులు మాత్రము ఖాళీ కాలేదు. 1959లో కెప్టెన్ సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ 1964లో వేరొక మార్గము చెప్పినది: సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన వీధిలోనే విడువుడని. నగరపాలకులు ఆ మాట వినుటకు ముప్పదేండ్లు పట్టెను. అందలి తర్కము సులభము. చెత్తకుప్పలో తిండి ఉన్నంతకాలము ఖాళీయైన వీధికి పొరుగు కుక్కలు చేరును. టీకా పొందిన కుక్క తన చోట నిలిచినచో కొత్తవానిని రానీయదు.

హైదరాబాదులో 1992లో అక్కినేని అమల బ్లూ క్రాస్‌ను నెలకొల్పిరి. కేంద్రప్రభుత్వము 2001లో ఈ పద్ధతినే నియమములుగా చేసి, 2023లో సవరించినది. అదే యేట అంబర్‌పేటలో కుక్కల దాడికి నాలుగేండ్ల పసివాడు బలియైనాడు. ఆ తల్లిదండ్రుల యెదుట లెక్కలు చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును? 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలనన్నిటిని శరణాలయములకు తరలింపుమని, 22న దానిని సవరించి, రోగగ్రస్తములును కరచునవియు తప్ప తక్కినవానిని చికిత్సానంతరము మరల విడువుమనినది.

అన్నిటికి చోటుగల శరణాలయము ఏ పట్టణమునను లేదు. అందుచేత ఈ భారము స్థానిక సంస్థలదే, ఆర్మూరు వంటి చోట పురపాలక సంఘముది. మరలివచ్చిన కుక్కకు చెవికొన కొంచెము కత్తిరించియుండును. చికిత్స జరిగినదనుటకు అది గుర్తు.